తీగ నేసిన జంపఖానా

పొద్దున డ్యూటీకి పోయే ముందు దీనమ్మ చెంబెడు ఉప్పునీళ్లు తెచ్చి పెరటి మూలన పోసేది. అక్కడ నేలలో రాగిరేకు పాతి ఉంది. భూమి తడిగా ఉంటేనే తీగకు బాగా వినిపిస్తుందని భర్త సాల్మన్ చెప్పిపోయాడు. అతను పట్టాళంలో వైర్‌లెస్ పని నేర్చినవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా వెదురు గొట్టానికి రాగితీగ చుట్టుకుంటూ కూర్చునేవాడు. అలా ఒక చెక్కపెట్టె తయారు చేసి, ఇంటి కప్పు నుంచి వరంగల్లు కొత్తవాడ చివరి తాటిచెట్టు దాకా పొడుగాటి తీగ లాగాడు.

"పొట్టి అలలు మొగులు మీదికి ఎగురుతయే. పొడుగు అలలు గట్ల కాదు, నేలను పట్టుకొని నడుస్తయి. వాగు అడ్డమొస్తే దిగి దాటుతయి" అనేవాడు. బర్మా యుద్ధం నుంచి సాల్మన్ తిరిగి రాలేదు. పెట్టె, తీగ మిగిలాయి.

దవాఖానలో నర్సు పని. ఇంట్లో ఇంకో మనిషి లేదు. అందుకే కొడుకు ఇస్సాకును కర్నూలు బోర్డింగులో వేసింది. నీళ్లు పోశాక పెట్టె ముందు కూర్చుని వాడిని పిలిచేది.

"తల దువ్వుకున్నవా బిడ్డా? ఒట్టి కాళ్లతోని తిరుగుతలేవు గద? పక్కోని దుప్పటి కప్పుకోకు, గజ్జి అంటుతది."

ఇస్సాకు దగ్గర ఏ పెట్టే లేదు. బోర్డింగులోని చేతిపంపుకు నోరు ఆనించి మాట్లాడేవాడు. "రోజు గదే అడుగుతవేందే అమ్మా. దువ్వుకున్న."

పొడుగు అల మీద వచ్చిన పిలుపుకు ఎవరో ఒకరు పలికితే అది నేలలో ఇంకిపోతుంది. ఎవరూ పలకకపోతే చావదు, తీగ కోసం వెతుక్కుంటూ తిరుగుతూనే ఉంటుంది. కొత్తవాడలో ఇది అందరూ ఎరిగిన సంగతే. జంపఖానాలు నేసే పక్కింటి లింగమ్మ నూలు తడుపుతూనే గోడ మీదుగా కేకేసేది. "అక్కా, ఏటూరునాగారంల మా తమ్ముడున్నడు. జర పిల్లల మంచిచెడ్డ అరుసుకో."

ఇట్లా వాడకట్టు వాడకట్టంతా దీనమ్మ వాకిట్లో చేరడం చౌరస్తాలో రేడియోలు అమ్మే బాలకిషన్‌కు కంటగింపైంది. అతని దుకాణం ముందు నిలబడేవాళ్లు తగ్గిపోయారు. లైసెన్సు లేని వైర్‌లెస్ ఉందని పోయి పోలీసు అమీన్‌సాబ్ చెవిన వేశాడు. జవాన్లు వచ్చి పెట్టెను వాకిట్లోనే పగలగొట్టారు. తీగ మీద లింగమ్మ తడినూలు ఆరేసి ఉండటంతో, అది దండెమనుకుని వదిలేశారు.

ఆ వారంలోనే ఇస్సాకుకు సన్నిపాత జ్వరం వచ్చింది. కబురు అంది దీనమ్మ కర్నూలు చేరేసరికి జ్వరం దిగింది. పిల్లవాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నేను పిల్సిన. నువ్వు పలుకలే" అన్నాడు.

పోలీసుల సంగతి చెప్పింది, పెట్టె సంగతి చెప్పింది, ఏడ్చింది. అంతే, వాడు మళ్లీ ఆమెతో మాట్లాడలేదు.

వరంగల్లుకు తిరిగొచ్చి తీగను దించబోయింది. చెప్పులు లేని కాళ్లు తడినేలకు తగిలాయి. చేతిలో తీగ సన్నగా వణికింది. జ్వరంలో ఇస్సాకు పిలిచిన పిలుపు ఇంకా తిరుగుతూనే ఉంది. "అమ్మా, ఇంటున్నవా? దూప అయితాందే అమ్మా."

పలకబోయి దీనమ్మ పెదవులు బిగించింది. తాను పలికితే పిలుపు ఇక్కడే ఇంకిపోతుంది. అప్పుడు పెట్టె సంగతి పోలీసులకు చెప్పిన బాలకిషన్‌కు వినిపించడానికి ఏం మిగులుతుంది?

తీగను చుట్టగా చుట్టి లింగమ్మ మగ్గం దగ్గర పెట్టింది. "బాలకిషన్ దుకాణంలకు జంపఖానా నేస్తున్నవు గద. ఇది పేకల కలుపు."

లింగమ్మ తీగ మీద చెయ్యి వేసింది, వెంటనే తీసేసింది. "అక్కా, పోరడు నీళ్లడుగుతాండు. ముందు నువ్వు పలుకు."

"నేను పలుకుతే వాడు బతికిపోతడు."

"ఎవలు, పోరడా?"

"బాలకిషన్."

లింగమ్మ మగ్గం ముందు కూర్చుంది. ఎర్రనూలు వెంట తీగను పోసి, ఇనుప దువ్వెనలాంటి పంజతో దగ్గరికి కొట్టుకుంటూ నేసింది. పంజ పడ్డప్పుడల్లా తీగలో పిల్లవాడు మూలిగాడు. దీనమ్మ మగ్గం పక్కనే కూర్చుని జంపఖానా అంచు దాకా చూసింది.

బాలకిషన్ దాన్ని దుకాణం మట్టినేల మీద పరిచి కూర్చున్నాడు. మొదటిరోజు ఆ పిల్లవాడి గొంతు ఎక్కడిదోనని రేడియోలన్నీ విప్పి వెతికాడు. మర్నాడు జంపఖానా చుట్టి అటక మీద పడేశాడు. పిల్లవాడికి ఎవరైనా నీళ్లిచ్చారో లేదోనన్న ఫికర్ పట్టుకుని, దించి మళ్లీ పరిచాడు. బేరానికి వచ్చినవాళ్లను "జర ఆ పిల్లగానికి నీళ్లియ్యుండ్రి" అని బతిమాలేవాడు. గిరాకీ పలచబడింది. అతని కళ్లు లోపలికి పోయాయి.

దీనమ్మ దవాఖానకు చుట్టుదారి అయినా చౌరస్తా మీదుగానే పోయేది. "ఏం సేటూ, నిద్ర పడ్తలేదా? దవాఖానకు రారాదా, మందిస్త" అనేది. ఆ పూట అన్నం రుచిగా ఉండేది. ఆదివారం చర్చిలో మోకరించినా ఆ కళ్లే గుర్తుకొచ్చేవి, హాయిగా ఉండేది.

ఒకనాడు చూస్తే బాలకిషన్ ముఖం తేటగా ఉంది. ప్రశాంతంగా చాయ్ తాగుతున్నాడు.

"పలికిన సిస్టరమ్మా" అన్నాడు.

దీనమ్మ మెట్టు మీదే ఆగిపోయింది. "ఏమని?"

"ఈడనే ఉన్న బిడ్డా, తాగు, అన్న. తాగిండు. జర సేపు ముచ్చట కూడ పెట్టిండు."

"అది నిన్ను పిల్సిన పిలుపు కాదు."

"ఎరుకే. మరి ఎవలు పలుకకపోతిరి గద."

అన్నేళ్ల నర్సు పనిలో ఎందరి నాడి చూసిందో గానీ, అప్పుడు తన చెయ్యి తానే పట్టుకుని నిలబడింది.

ఎండాకాలం సెలవులకు ఇస్సాకును కాజీపేటలో రైలు దించుకుని టాంగాలో తీసుకొస్తోంది. దారి పొడుగునా ఆమే మాట్లాడింది. తిన్నావా, తలనొప్పి ఉందా, కిటికీ పక్కన పడుకోవడం మానుకున్నావా. వాడు గుర్రం చెవులు చూస్తూ కూర్చున్నాడు. చౌరస్తాలో బాలకిషన్ ఎవరినో కేకేశాడు. ఆ గొంతు వినగానే ఇస్సాకు టాంగాలోంచి కిందికి దూకాడు.

ఆమె పరుగున దుకాణం చేరేసరికి పిల్లవాడు జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. రైల్లో చూసిన కోతి సంగతి, బోర్డింగు వంటవాడి సంగతి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఇన్ని నెలల తర్వాత వాడి గొంతు వినడం ఆమెకు అదే మొదలు. బాలకిషన్ తల దించుకుని వింటున్నాడు.

దీనమ్మ చెప్పులు విడిచి జంపఖానా అంచున కూర్చుంది. ఒట్టి కాళ్లు నేలకు ఆనించి, ఎర్రనూలు మీద అరచెయ్యి పెట్టింది. తీగ చల్లగా ఉంది. అందులో ఏ చప్పుడూ లేదు.

ఇస్సాకు ఆమెను చూసి మాట ఆపాడు. తర్వాత మర్యాద తెలిసిన పిల్లవాడిలా బాలకిషన్‌కు పరిచయం చేశాడు.

"గీమె మా అమ్మ. జర దూరం ఉంటది."