బగ్గీకి కట్టిన ఎద్దు

మా మనవరాలు లోహితకు రెండేళ్లు దాటినా మాట రాలేదని ఇంట్లో అందరికీ దిగులు. నాకు మాత్రం లేదు. దానికి మాట వచ్చని నాకు తెలుసు. ఆ మాట ఏమిటో కూడా తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను.

"నీ పోలికేనయ్యా దానికి," అనేది నా భార్య సుగుణ. "పెళ్లిచూపుల్లో గూడా నువ్వు నోరు తెరవలా. మూగోడేమోనని మా నాయన ఇంకోసారొచ్చి చూసిపోయాడు."

నేను మాట్లాడలేదు.

మా అమ్మాయి రమ్యశ్రీ ఐర్లాండ్‌లో, డ్రోహెడా ఆసుపత్రిలో ఎముకల డాక్టరు. రెండేళ్ల పిల్లలను చూడటానికి ఇక్కడ నర్సు వస్తుంది. మా ఇంటికి సోమవారం వస్తానంది. పిల్ల రెండు మాటలు కలిపి చెబుతుందా అని అడుగుతుందట. చెప్పకపోతే మాటలు నేర్పే నిపుణుల దగ్గరికి రాస్తారట, అక్కడ వరుస నెలల తరబడి కదలదట. రమ్య రోజంతా ఎవరి ఎముకలో అతికించి ఇంటికొచ్చి, పిల్ల ముందు బొమ్మల పుస్తకం పెట్టుకుని కూర్చునేది.

"యాపిల్ అను లోహీ. పోనీ పాలు అను. అమ్మ అను తల్లీ."

లోహిత వాళ్లమ్మ నోట్లోకి తొంగి చూసేది, పళ్లన్నీ ఉన్నాయో లేదో చూస్తున్నట్టు. అంతే.

ఒకరోజు రమ్య స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. నీళ్ల చప్పుడులో ఎవరికీ వినపడదనుకుంది. నాకు వినపడింది.

దీనికంతటికీ కారణం బగ్గీ. పిల్లను కూర్చోబెట్టి తోసే బండిని ఇక్కడ అలా అంటారు. మేం ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి మధ్యాహ్నం పూట లోహితను తిప్పే పని నాది. వయసంతా గుంటూరు యార్డుకు మిరప బస్తాలు, మా మాటలో టిక్కీలు, తోలినవాణ్ణి. అక్కడ బండికి ఎద్దులుండేవి, నేను తోలేవాణ్ణి. ఇక్కడ ఎద్దు కూడా నేనే. డ్రోహెడా చదునైన ఊరు కాదు. నది దాకా దిగితే మళ్లీ ఎక్కి రావాలి. ఎక్కేటప్పుడు మోకాళ్లు మొరాయించేవి. ఎద్దు మొరాయిస్తే ఏమంటామో, నా మోకాళ్లనూ అదే అన్నాను.

"హెయ్! నడువ్! నీ దుంప తెగ!"

కొన్నాళ్లకు ఎగుడులో ఆగి ఊపిరి పీల్చుకుంటుంటే, బగ్గీలోంచి నాకే హుకుం వచ్చింది.

"హెయ్. నలు. దుంప తెగ."

అప్పట్నుంచి రోజూ అది తోలేది, నేను నడిచేవాణ్ణి. ఇంటి గడప తొక్కగానే ఇద్దరం మూగవాళ్లమే. డాక్టరమ్మ కూతురికి ఎడ్లను తిట్టే తిట్టు మొదటి మాటగా నేర్పానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నర్సు వచ్చే ముందు ఆదివారం మా అల్లుడు దినేశ్ అన్నాడు: "అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్దాం మామయ్యా. పిల్లలు ఎక్సైట్ అయితే మాటలు వస్తాయని ఎక్కడో చదివా."

ఎక్కడో చదివినవన్నీ చేసే మనిషి. పిల్ల నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో నాకు తెలుసు.

పార్కు సముద్రం ఒడ్డున ఉంది. లోపలికి పోయేటప్పుడు చేతులకు కాగితం పట్టీలు చుట్టారు. లోహితకు పార్కు మొత్తంలో ఆ పట్టీ నచ్చింది. ఆ తర్వాత గచ్చు మీద వాన నీటి గుంట నచ్చింది. జారుడుబండ, పెద్ద చక్రం, దేనివైపూ కన్నెత్తి చూడలేదు.

"ఈ గుంట మన వాకిట్లోనే ఉందిగదే," అంది సుగుణ. "దీనికోసం కారేసుకుని ఇంత దూరం రావాలా?"

దినేశ్ పిల్లను ఎత్తుకుని, గిరగిరా తిరిగే పెద్ద టీ కప్పుల్లో ఒకదాంట్లో కూర్చున్నాడు. కప్పు తిరిగినంతసేపూ కేకలు. అన్నీ అల్లుడివే.

"అరవాల్సింది అది దినేశ్, నువ్వు కాదు!" అంది రమ్య.

"నా చేతిలో లేదు రమ్యా," అని అతను బల్ల పట్టుకుని నిలబడ్డాడు. మొహం పచ్చి మామిడికాయలా ఉంది. లోహిత చేతి పట్టీ చూసుకుంటోంది.

ఇక మిగిలింది గుర్రాల రాట్నం. చిన్నపిల్లల పక్కన పెద్దవాళ్లు నిలబడాలన్నారు. అల్లుడికి ఇంకా భూమి తిరుగుతూనే ఉంది. రమ్య ఫోన్‌లో వీడియో తీయాలి. సుగుణ చీర రాట్నంలో చుట్టుకుంటుందంది. ఎవరు మిగిలారో చెప్పక్కర్లేదు.

గుర్రం కదిలింది. చుట్టు తిరిగిన ప్రతిసారీ ఫోన్ పట్టుకుని రమ్య కనపడుతోంది. "చెప్పు లోహీ, గుర్రం అను!" అంటోంది. నవ్వు మొహమే, కళ్లు మాత్రం నవ్వట్లేదు. పిల్ల మాట్లాడితే నా పరువు పోతుంది. మాట్లాడకపోతే నా కూతురు మళ్లీ కుళాయి తిప్పుకుంటుంది.

రాట్నం ఆగింది. లోహిత దిగలేదు. గుర్రం మెడ పట్టుకుని నా వైపు చూసింది. తర్వాత వాళ్లమ్మ వైపు చూసింది. పెదాలు గట్టిగా బిగించింది.

ఆ పిల్ల నా మర్యాద కాపాడుతోంది. అంత పసిదాని మీద ఆ బరువేమిటి?

"హెయ్!" అన్నాను. పార్కంతా వినపడేలా అన్నాను.

లోహిత మొహం విప్పారింది. గుర్రం మెడ మీద ఒక్కటేసింది.

"హెయ్! నలు! నీ దుంప తెగ!"

రమ్య ఫోన్ దించేసింది. సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు.

"ఎవరి మాటలో అడగక్కర్లా. అది మా మిరపటిక్కీల బండే."

"నాన్నా! ఏం నేర్పావు దీనికి?"

నేను మాట్లాడలేదు.

"ఎన్నాళ్లనుంచి అంటోంది?"

"మేమొచ్చిన కొత్తల్నుంచి."

"మరి నాకు చెప్పవేం!"

"మాట బాగాలేదమ్మా."

రమ్య నా భుజం మీద గట్టిగా కొట్టింది. తర్వాత ఆ భుజం మీదే మొహం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఈసారి కుళాయి లేదు మరి.

"రమ్యా, రెండు మాటలు కలపాలనేగా నర్సు అడిగేది," అన్నాడు దినేశ్. "ఇది ఏకంగా మూడు కలిపింది."

"అర్థం అడిగితే నువ్వే చెప్పు."

రాట్నం తిప్పే ఐరిష్ పెద్దాయన వచ్చి, పాప ఏమంటోందని అడిగాడు. నడవమంటోందని దినేశ్ చెప్పాడు. దుంప సంగతి దాచాడు. పెద్దాయన "గ్రాండ్" అని, గుర్రాన్ని ఇంకోసారి తిప్పాడు.

సాయంత్రం కారు దగ్గరికి ఎగుడు. రమ్య బగ్గీ ముందు గొంతుక్కూర్చుంది.

"అమ్మ అను లోహీ. ఒక్కసారి."

లోహిత వాళ్లమ్మ పళ్లవైపు చూసి, ముద్దుగా అంది: "దుంప తెగ."

"సరే తల్లీ. ప్రస్తుతానికి అదే చాలు," అంది రమ్య.

నేను మోకాలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏందయ్యా, ఎద్దు నిలబడిపోయింది?" అంది సుగుణ.

బగ్గీలోంచి హుకుం వచ్చింది. అందరూ వింటుండగానే వచ్చింది.

నేను మాట్లాడలేదు. నడిచాను.