బర్మా మాట మరిచిన అచ్చమ్మ

బేబీ మూడో అంతస్తుకి పరుగున ఎక్కేసరికి, ఇనప గ్రిల్లు ఊచల్లోంచి తల్లి చెయ్యి బయటికి చాచి ఉంది. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి బేబీని పిలిపించిన పక్కింటి బర్మా ఆవిడ డా తిన్ ఆ చెయ్యి పట్టుకుని బర్మా భాషలో బుజ్జగిస్తోంది.

"ఈ మనిసెవులు? ఏటంతందో నాకు తెల్దు," అంది అచ్చమ్మ. "బేగి తలుపు తియ్యండి. మిల్లుకాడికి మా ఇంటాయనకి కూడు అట్టుకెల్లాల."

డా తిన్ ముఖం తిప్పుకుంది. మింగళ తౌంగ్‌న్యున్ బజారులో పక్కపక్కన కూర్చుని కూరలమ్మిన మనుషులు వాళ్లిద్దరూ. బర్మాలోనే బేరాలాడారు, బర్మాలోనే తిట్టుకున్నారు. ఇప్పుడా భాష అచ్చమ్మలో తుడిచిపెట్టుకుపోయింది. తల్లి ఒడిలో నేర్చిన తెలుగు మిగిలింది. భర్త పోయిన సంగతి కూడా గుర్తులేదు.

మెదడు జబ్బన్నాడు ధర్మాసుపత్రి డాక్టరు. పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. ఈమధ్యవి ముందు పోతాయి, పాతవి చివరిదాకా ఉంటాయి. నయం కాదు. బంధిస్తే భయం ఎక్కువవుతుంది, ఒంటరిగా వదలొద్దు అన్నాడు. ఎవరు కాపలా ఉండాలో ఆయన చెప్పలేదు. బేబీ బట్టల ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుంటేనే పొయ్యి వెలుగుతుంది. అందుకే తాళం. ఇవాళ లేచి వస్తుంటే సూపర్‌వైజరు, మళ్లీ రానక్కర్లేదన్నాడు.

వెనకే అన్న చంద్రరావు వచ్చాడు. చేతిలో గొలుసు.

"అమ్మోరు పూనిందని సెప్తే ఇన్నావు కాదు. గ్రిల్లు కాడికి రాకండా మంచానికి కట్టీ. వీదంతా సూస్తంది, పరువేటవుద్ది?"

"నాల్రోజులు నీకాడ ఉంచుకో అన్నియ్యా."

"మీ వొదిన ఒప్పదు."

బేబీ తాళం తీసింది. తన తువ్వాలుతో తల్లి మోచేతికి కట్టు కట్టింది.

"అమ్మని కట్టను. ఈ తాళం కూడా ఇంకెయ్యను."

"మరి పన్లోకెల్లవేటి? ఎవులు సూత్తారు? ఏటి తింతారు?"

బేబీ తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

వీధిలోకి వచ్చాక అచ్చమ్మ ఆగిపోయింది. బస్సులు, టాక్సీలు, మనుషులు. ఆమె ఎరిగిన దారి ఒక్కటీ అక్కడ లేదు. బేబీ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఎవులి పిల్లవమ్మా నువ్వు? మంచిదానిలాగున్నావు. నన్ను మా ఇంటికాడ దింపీవా?"

ఫ్యాక్టరీకి కుడివైపు వెళ్లాలి. నాన్న పనిచేసిన, అహ్లోన్‌లో ఎప్పుడో మూతపడిన రైస్ మిల్లుకి ఎడమవైపు. బేబీ తల్లి చెయ్యి వదలకుండా ఎండలో నిలబడింది.