గండికోట దాకా వెనక సీట్లో

గాలి కొల్లేటి వైపు నుంచి వస్తోంది. నీళ్ల వాసన, నాచు వాసన, ఎక్కడో ఆరేసిన వలల వాసన…

తాడేపల్లిగూడెం దాకా కొల్లేటి వాసన రాదని అందరూ అంటారు. డాబా ముందు గొంతుక్కూర్చుని బండి చైనుకి నూనె పూస్తున్న సుమంత్‌కి మాత్రం వస్తోంది. ఈమధ్య ఆ వైపు నుంచి ఏది వచ్చినా అతనికి తెలిసిపోతోంది.

ఇంకా నాలుగు రోజులు.

నాలుగు రోజుల్లో గండికోట. అటూ ఇటుగా అయిదు వందల కిలోమీటర్లు. పెళ్లయిన ఏడు నెలలకి ఇద్దరూ కలిసి బండి మీద వెళ్తున్న మొదటి దూర ప్రయాణం.

హెల్మెట్లు రెండు కొన్నాడు. గ్లౌజులు రెండు జతలు కొన్నాడు. వానకోట్లు, పంక్చరు కిట్టు, టార్చిలైటు. ఎక్కడ టిఫిను, ఎక్కడ పెట్రోలు, ఎక్కడ పడక — అన్నీ కాగితం మీద రాసుకున్నాడు.

ఒక్కటే రాయలేదు.

బండి ఎవరు నడుపుతారు?

పెళ్లిచూపుల్లోనే మాటిచ్చాడు. మీరిద్దరూ మాట్లాడుకోండని పెద్దవాళ్లు మేడ మీదికి పంపితే, లక్ష్మీప్రసన్న అడిగింది ఒక్కటే. “నాకు బండి వచ్చండీ. స్కూటీ కాదు, గేర్ల బండి. పెళ్లయ్యాక నడపనిస్తారా?”

అతను పొంగిపోయాడు. “ఎక్కడికెళ్లినా సగం దూరం మీరు, సగం దూరం నేను” అన్నాడు.

ఎవరు నేర్పారని అడగలేదు. అడగాలని తోచలేదు.

పెళ్లయ్యాక తెలిసింది.

వీరేంద్ర. ఆమె మేనమామ కొడుకు. నిడమర్రు అవతల చేపల చెరువులున్నాయి. ఆమె ఇంటరు చదివేటప్పుడు సెలవులకి వెళ్తే, చెరువు గట్ల మీద నేర్పాడట.

బావ!

ఆ మాట ఆమె నోట వినపడితే చాలు, సుమంత్‌కి ఒళ్లు మండుతుంది. తనని ‘ఏవండీ’ అంటుంది, ‘మీరు’ అంటుంది. అతన్ని ‘బావా’ అంటుంది, ‘నువ్వు’ అంటుంది. మాటలొచ్చినప్పటి నుంచీ అలాగే పిలుస్తోంది, అందులో వింతేముంది అని బుద్ధి చెబుతూనే ఉంటుంది. బుద్ధి చెప్పింది వినేవాడైతే ఈ గొడవంతా ఎందుకు?

వీరేంద్రకి పెళ్లయింది. మూడేళ్ల పాప కూడా ఉంది.

అయినా…

ఆమె బొటనవేలితో చైను నొక్కి, బిగువు చూస్తుంది. ఎవరు నేర్పారు? బండి ఎక్కే ముందు ఓసారి ఆకాశం వంక చూస్తుంది. ఎవరు నేర్పారు? చున్నీని నడుం దగ్గర ముడేసుకుంటుంది. అదీ అతనేనా?

ఏడు నెలల్లో ఒక్కసారీ తాళం ఇవ్వలేదు. క్లచ్చు గట్టిగా ఉందన్నాడు. ఊళ్లో ట్రాఫిక్కన్నాడు. ఆమె ప్రతిసారీ “సరేనండీ” అంది.

ఈసారి అనలేదు. కాగితం అంతా చదివి, “ఇందులో నా సగం ఏదండీ?” అంది.

అతను తల ఎత్తలేదు. “సామానుతో బరువెక్కుతుంది కదా. ఆదివారం అన్నీ కట్టి, ఓసారి నడిపి చూసి చెబుతాను.”

“అయితే నిడమర్రు వెళ్దామండీ. అత్తయ్య ఎప్పట్నుంచో భోజనానికి రమ్మంటోంది.”

చేజేతులా తెచ్చుకున్నాడు.

*

శనివారం రాత్రి చినుకులు పడ్డాయి. ఆదివారం పొద్దున తెరిపిచ్చింది.

గణపవరం దాటాక గాలి చల్లబడింది. రోడ్డుకి రెండు పక్కలా నీళ్లే. చెరువు, గట్టు, మళ్లీ చెరువు. గట్టు మీద కొంగలు ఎవరి కోసమో చూస్తున్నట్టు నిలబడ్డాయి. వెనక సీట్లో ప్రసన్న చిన్నప్పటి పాటేదో కూనిరాగం తీస్తోంది. ఈ దారిలోకి రాగానే పాట వచ్చిందేం, అనుకున్నాడు సుమంత్.

వీరేంద్ర ఎదురొచ్చాడు. మోకాళ్ల దాకా బురద, మాసిన చొక్కా, మొహం నిండా నవ్వు. ఎంత మామూలుగా ఉన్నాడో! ఆ మామూలుతనమే సుమంత్‌కి నచ్చలేదు.

“రండి అన్నయ్యగారూ” అన్నాడు.

వరసకి అన్నదమ్ములట. ఒక పిల్లని చేసుకునే వరస ఇద్దరు మగాళ్లకి ఉంటే, ఆ ఇద్దరూ అన్నదమ్ములే అవుతారు. ఈ వరసలు ఎవరు పెట్టారోగాని, సుమంత్ లోపల భగ్గుమంది.

వీరేంద్ర తల్లి సత్యవతి కొసరి కొసరి చేపల పులుసు వడ్డించింది. చాలా బాగుంది. అందుకూ కోపమొచ్చింది.

చెయ్యి కడుక్కుని బయటికొచ్చేసరికి వీరేంద్ర బండి దగ్గరున్నాడు. సుమంత్ గంటసేపు కొక్కేల తాళ్లతో బిగించిన సంచులన్నీ విప్పేసి, పాత సైకిలు ట్యూబు చీలికలతో కడుతున్నాడు. చేపల ట్రేలు బండి వెనక అక్కడ అలాగే కడతారు. ట్యూబుని సాగదీసి ఒక చుట్టు, అడ్డంగా ఇంకో చుట్టు, కొస లోపలికి దోపడం.

“గతుకుల్లో కొక్కేలు ఊడిపోతాయండి. ఇది ఊడదు.”

ప్రసన్న అటువైపు నిలబడింది. అతను అడక్కముందే కొస అందించింది. అతను చూడకుండానే అందుకున్నాడు.

ఒక్క మాట లేదు ఇద్దరి మధ్య.

సుమంత్ చూశాడు. ఏడు నెలల్లో తామిద్దరూ ఏ పనీ అలా చేయలేదు. మంచం పక్కకి జరపాలన్నా నాలుగుసార్లు చెప్పుకోవాలి. అసూయ అంటే ఇంత బరువుంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

“రోడ్డు మీదుగానే వెళ్లండి అన్నయ్యగారూ. గట్టు తడిగా ఉంది” అన్నాడు వీరేంద్ర.

అంతే. సుమంత్ బండిని గట్టెక్కించాడు.

నల్లరేగడి. పైకి ఆరినట్టుంది, లోపల మెత్తన. కొంత దూరం బాగానే పోయింది. ఎడమన నీళ్లు, కుడిన నీళ్లు, మధ్యలో పంతం. మలుపు దగ్గర ముందు బ్రేకు పట్టాడు.

బండి ఒరిగింది. మెల్లగా, ఎంతో మర్యాదగా, ఇద్దర్నీ బురదలో కూర్చోబెట్టింది.

దెబ్బలేం తగల్లేదు. సంచి ఒక్కటీ కదల్లేదు. ఆ కట్టు కట్టినట్టే ఉంది. నాలుగు దెబ్బలు తగిలినా ఇంతకన్నా నయంగా ఉండేది.

“బురదలో ముందు బ్రేకు పట్టకూడదండీ” అంది ప్రసన్న. చున్నీ కొసతో అతని మోచేతి మట్టి తుడిచింది. ఇద్దరూ కలిసి బండిని లేపారు. అప్పుడు ఆమె చెయ్యి చాపింది, తాళం కోసం.

ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు?

ఆమె ముందు, అతను వెనక. ఏడు నెలల్లో మొదటిసారి.

ఒకటో గేరులోనే… కాళ్లు రెండూ కిందికి వేలాడేసి, మట్టిని తాకీ తాకకుండా… బ్రేకు మాటే లేకుండా. బండి ఆమె చెప్పినట్టు విన్నది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక, అతను ఆమె భుజాల మీద వేశాడు.

అప్పుడు తోచింది.

బండి నేర్పేవాడు ఎక్కడ కూర్చుంటాడు?

వెనక.

ఇక్కడే! ఈ సీట్లోనే, చేతులు ముందుకి చాపి, ఆమె చేతుల మీదుగా హ్యాండిల్ పట్టుకుని…

ఇన్నాళ్లూ ముందు సీటుకి కాపలా కాశాడు పిచ్చివాడు.

“నేర్పేటప్పుడు అతను వెనక కూర్చునేవాడా?”

గాలి.

“ఏమన్నారండీ?”

“ఏం లేదు.”

గట్టు ఎంత పొడుగుంటుంది? కిలోమీటరు… రెండు. సెలవులన్నీ కలుపుకున్నా అతను ఆమె వెనక కూర్చున్నది వంద దాటదు. గండికోటకి వెళ్లడం అయిదు వందలు. రావడం ఇంకో అయిదు వందలు.

గట్టు అయిపోయింది. తారు రోడ్డు ఎక్కగానే ఆమె బండి ఆపి, దిగబోయింది.

“ఇంక మీరు తీసుకోండి.”

“వద్దు. నువ్వే నడుపు.”

“గూడెం దాకానా?”

“గండికోట దాకా.”

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. హెల్మెట్ అద్దం ఎత్తింది. “మొత్తం నేనేనా! మరి మీ సగం?”

“నాకొద్దు. వచ్చేటప్పుడూ నువ్వే.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీరింత మంచివారని అనుకోలేదండీ” అంది.

సుమంత్ చేతులు ఆమె నడుం చుట్టూ బిగించి, మధ్యలో చోటన్నది మిగలకుండా ముందుకి జరిగి కూర్చున్నాడు.

అయినా, ఎక్కడో కాస్త గాలి దూరుతూనే ఉంది.