మంచుబొమ్మ చెయ్యి

మంచుబొమ్మకి కుడిచెయ్యి అతికించడం ఒక్కటే మిగిలింది. మడతపెట్టిన తెల్ల అట్ట మీద రెండు దూది ఉండలు, బొత్తాల కళ్ళు, ఆయన పాత సాక్సు అంచు కత్తిరించి చుట్టిన ఎర్ర మఫ్లరు. కింద కాగితపు పట్టీ లాగితే చెయ్యి పైకి లేచి ఊగాలి. పెళ్ళయి నలభై రోజులైనా కాలేదు, ఆమెకి ఇంకా అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. చలికి ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో బొమ్మలు గీయడం, ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాని మీద ఒకటి వాలి ఉండడం, పదింటికి రాబోయే ఏడేళ్ళ పిల్ల తనని "పిన్నీ" అని పిలవడం.

పిల్ల ఆయన మొదటి భార్య కూతురు. తల్లి దగ్గర పెరుగుతోంది, ఆదివారాలు మాత్రం తండ్రి దగ్గరికి వస్తుంది. ఇకమీదట ఇక్కడే ఉండాలని ఆయన కోర్టుకెక్కాడు. రేపే వాయిదా. "మా ఆయన ఎన్నడూ చెయ్యి చేసుకోలేదని జడ్జిగారికి ఒక్క ముక్క చెప్పు, చాలు," అని వారం రోజులుగా నూరిపోస్తున్నాడు. "కొట్టాడని ఆవిడ చెప్పేదంతా నాటకం. మావాడు తలుపు కూడా గట్టిగా వెయ్యడమ్మా," అని అత్తగారు వంత పాడుతోంది.

చెప్పడానికి ఆమెకేమీ బెంగ లేదు. మొదటివారంలో మణికట్టు మెలిపెట్టాడు, నిజమే. ఫోన్లో స్నేహితురాలితో తను మరీ పగలబడి నవ్వింది మరి. మూడోవారంలో వంటింటి గోడకేసి తల మోదాడు. మర్నాడు తనే ఆ తలకి నూనె రాసి, వంకరటింకరగా జడ వేశాడు. ఆ వంకర జడని చూసుకుని ఆమె రోజంతా మురిసిపోయింది. చెంప మీద కొడితే కదా చెయ్యి చేసుకోవడం! గోడకేసి మోదడం వేరు.

"అది నా సాక్సు కదూ?"

వెనక ఎప్పుడొచ్చాడో.

"చిల్లుపడిందండీ. పాపకోసమని..."

జుట్టు పిడికిట్లో బిగించి ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పళ్ళ కింద పెదవి చిట్లింది. జిగురు సీసా దొర్లిపడింది. పక్కగదిలో అత్తగారు టీవీ గొంతు పెంచింది.

"ముట్టుకునే ముందు అడగాలి. నోరుందిగా?" అన్నాడు నెమ్మదిగా, పాఠం చెప్పే మేష్టారిలా.

ఆయన ముందుగదిలోకి వెళ్ళాక, ఆమె బొమ్మకి చెయ్యి అతికించింది. దూది మీద ఎర్రటి చుక్క పడింది. బెల్లు మోగింది.

"వచ్చావా బంగారం! పిన్ని నీకేం చేసిందో చూడు!"

పిల్ల కార్డు అందుకుని పట్టీ లాగింది. మంచుబొమ్మ చెయ్యి గబుక్కున పైకి లేచింది. కార్డు జారిపోయింది. పిల్ల మోచేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుని బల్ల కిందికి దూరింది.

"బొమ్మకి భయమేమిటే, పిచ్చిమొద్దూ!" ఆయన నవ్వాడు.

"వాళ్ళమ్మ నేర్పిన వేషాలు," అంది అత్తగారు.

ఆమె బల్ల కిందికి వంగింది. పిల్ల ఆమె చెంపకి అంటిన దూదిని చూసింది, పెదవిని చూసింది. చెవి దగ్గరికి జరిగి, ఆరిందాలా గుసగుసలాడింది.

"బాత్రూంలో పై గడియ వేసుకోకు పిన్నీ. నాన్న తన్నితే ఊడిపోతుంది. కిందది వేసుకో."

ఆ పై గడియ తుప్పు పట్టి వదులైందని అత్తగారు చెప్పింది. కొత్తది పెట్టిద్దామని ఆమె సరదాగా అనుకుంది కూడా.

అయిదింటికి పిల్ల తల్లి గేటు బయట నిలబడింది. ఎప్పుడూ లోపలికి రాదు. ఇంట్లో ఆమె మంచుబొమ్మ చెయ్యి పీకేసి, కార్డు లోపల రాసింది: "అక్కా, నా మీద కూడా చెయ్యి చేసుకుంటాడు. రేపు జడ్జిగారికి ఈ మాటే చెబుతాను."

"అమ్మకే ఇవ్వాలి," అని చెప్పి పిల్ల బ్యాగులో అడుగున పెట్టింది.

గేటు మూసి వచ్చేసరికి ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"పెదవి గురించి అడిగితే జారిపడ్డానను. మిగతాది గుర్తుందిగా?"

"ఉందండీ," అంది ఆమె, నేల మీది జిగురు తుడుస్తూ. "ఒక్క ముక్కే కదా."