బో బో అంటే పారిపోవాలి

నాకు నోరెక్కువని పెనుబల్లిలో అందరూ అంటారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి పక్కన చేను కొని, అందులోనే ఇల్లు కట్టుకున్న మొదటి ఏడాదే ఆ పేరు పడిపోయింది. ఆ నోరు మూడు ప్రాణాలు నిలబెట్టిందని మాత్రం ఎవరూ అనరు. అందుకే నేనే చెప్పుకుంటున్నాను.

ఎనభై ఆరు, శ్రావణమాసం. మా జొన్నచేలో కలుపు తీస్తున్న కూలిమనిషి చాంది తన గంపలో నాలుగు గుడ్లు పట్టుకొచ్చింది.

"జంగపిల్లి నెమలిని పీకేసిందమ్మా. ఈకలే మిగిలినయ్. గుడ్లు ఇంకా ఎచ్చగున్నయ్."

అప్పటికే పొదుగు మీదున్న మా నల్లపెట్ట కింద పెట్టాం. ఇరవై ఒక్క రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. మురిగిపోయాయి, పారేయమన్నారు మా ఆయన వెంకటప్పయ్య. పెట్ట లేవలేదు, నేనూ లేవనివ్వలేదు. ఇరవై ఎనిమిదో నాడు మూడు పిల్లలు బయటికొచ్చాయి. ఆ రోజు ఇంట్లో పాయసం వండాను.

నేను "బో బో బో" అని నూకలు చల్లితే కోళ్లకంటే ముందొచ్చి కాళ్లకు అడ్డం పడేవి. నేను మురిసిపోతుండగా ఫారెస్టు గార్డు సమ్మయ్య వచ్చాడు. పెద్దయ్యాక అడవిలో వదలాల్సిందేనన్నాడు. దానికేం భాగ్యం, వదులుదామన్నాను. అతను కంచె అవతలికి పోయి "బో బో" అన్నాడు. మూడూ పరిగెత్తుకెళ్లి అతని బూట్లు పొడిచాయి. ఒకదాన్ని చంకన పెట్టుకొచ్చాడు.

"చూసిన్రా అమ్మా? నేను గాబట్టి సరిపోయింది. ఉచ్చులేసేటోడు గిట్ల పిలిస్తే సక్కగ పొయ్యి మీదికే పోతయ్."

ప్రేమగా పిలిచిన పిలుపే వాటి ప్రాణం మీదికి తెచ్చేలా ఉంది.

ఉపాయం చాంది చెప్పింది. "నువ్వే బో బో అని పిలువమ్మా. దగ్గరికి రాంగనే డబ్బా కొట్టు, తిట్టు. నీ నోటికి పులులే ఉరుకుతయ్, నెమళ్లెంత!"

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. అవి ఆశగా రావడం, నేను డబ్బా బాదుతూ నోటికొచ్చినట్టు తిట్టడం. కోళ్లన్నీ చెల్లాచెదురయ్యేవి. నల్లపెట్ట మాత్రం ఇవేమీ చెవిన పెట్టకుండా గింజలేరుకునేది. మొదటి రోజు ఆ మూడూ దూరంగా నిలబడి, మెడలు చాచి నా వైపే చూశాయి. లోపలికెళ్లి ఏడ్చాను.

మా ఆయన మంచినీళ్లిచ్చి, "ముప్పై ఏళ్లుగా నన్ను తిడుతున్నావు, ఒక్కసారీ ఏడవలేదే!" అన్నారు.

చేను గట్టున చాంది వాటి కంటపడకుండా గింజలు చల్లి వచ్చేది. కొన్నాళ్లకు అదీ మానేశాం. మిడతలు, చెదపురుగులు ఏరుకోవడం నేర్చాయి.

మాఘంలో మా కంచె దాటించి అడవిలో వదిలాం. వారం తర్వాత అందరం చూడ్డానికి వెళ్లాం. కంచెకు కాస్త అవతలే, టేకుచెట్ల కింద మూడూ మేస్తున్నాయి. గొంతు వీలైనంత తియ్యగా చేసుకుని "బో బో బో" అన్నాను.

ఒక్కసారి తలలెత్తాయి. అంతే! రెక్కలు టపటపలాడిస్తూ కొమ్మలెక్కి, అడవి దద్దరిల్లేలా అరిచాయి. సమ్మయ్య టోపీ గాల్లోకి విసిరాడు. చాంది నన్ను గట్టిగా పట్టుకుని ఊపేసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇంతలో వెనక ఎండుటాకులు కదిలాయి. కంచె సందులోంచి దూరి నల్లపెట్ట పరిగెత్తుకొచ్చింది.

"నువ్వెంత తిట్టినా పిలవగానే వచ్చేది మేమిద్దరమే," అన్నారు మా ఆయన.

ఒకవేళ వస్తే పెడదామని ఎవరికీ చెప్పకుండా కొంగున ముడేసుకొచ్చిన నూకలన్నీ దాని ముందు పోశాను.