ఆవుకొమ్ముల పట్టకారు

మా బావగారు పళ్ళ డాక్టర్లకు సామాన్లు అమ్ముతారు. అమ్మగా అమ్మగా తానూ సగం డాక్టరైపోయానని ఆయన నమ్మకం. భోజనాల దగ్గర పెట్టె తెరిచి, పళ్ళు పీకే పట్టకార్లు కంచాల పక్కన పరిచి, ఇది పై దవడకు, ఇది కింది దవడకు అని పాఠం మొదలుపెడతారు. ఒకసారి వాటిలో ఒకదానితో అక్రోట్లు పగలగొట్టి పిల్లలకు పెట్టి, దాన్నే తుడిచి మర్నాడు ఏదో ఆసుపత్రిలో చూపించడానికి పట్టుకెళ్ళారు. "నా పెద్దకొడుకు చదువుకుని ఉంటే ఎంత డాక్టరయ్యేవాడో!" అని మా అత్తగారి మురిపెం. కానందుకు ఎన్ని దవడలు బతికిపోయాయో ఆవిడకేం తెలుసు.

మా చిన్నికి ఏడేళ్ళు. కింది దవడలో వెనక పాలపన్ను పుచ్చి, చీము పట్టి బుగ్గ వాచింది. ఆ చీము ఎక్కడిదాకా పాకుతుందోనని నాకు ముద్ద దిగలేదు. డాక్టరమ్మ మందులిచ్చి, వాపు తగ్గాక తీస్తానంది. వాపు తగ్గి పన్ను తీయించే రోజుకు మా ఆయన పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు. అందుకని బావగారే కారులో ఆసుపత్రికి తీసుకొచ్చారు, పెట్టెతో సహా.

చిన్నిని కుర్చీలో పడుకోబెట్టగానే ఆయన పెట్టె తెరిచి, పెద్ద పట్టకారొకటి డాక్టరమ్మ ముందు పెట్టారు. దాని మూతి రెండు కొమ్ముల్లా వంగి, మొనలు ఎదురెదురుగా చూస్తున్నాయి. దాన్ని చూసి పిల్ల నా చెయ్యి గీరేసింది.

"ఆవుకొమ్ములు," అన్నారాయన, తన సొంత ఆవేదో అన్నట్టు. "కింది దవడకు ఇదే కదండీ. మొనలు వేర్ల మధ్యకు దిగితే పన్ను దానంతటదే పైకొచ్చేస్తుంది. కొత్త సరుకు, మీ చేత్తో బోణీ చెయ్యండి."

"పెద్దవాళ్ళకు," అంది డాక్టరమ్మ, దాని వైపు చూడకుండానే. ఆవిడ ఎక్స్‌రే తీసి దీపానికి అడ్డంగా పట్టుకుంది. "ఇవి పాలపన్ను వేర్లు. వీటి మధ్య మొగ్గలా ఉన్నది రేపు రావాల్సిన పన్ను. మీ కొమ్ములు దిగేది సరిగ్గా అక్కడికే. అది దెబ్బతినొచ్చు, పాలపన్నుతోపాటు ఊడి రావొచ్చు. ఊడితే అక్కడ ఇంక పన్ను రాదు."



బావగారు నవ్వారు. "ఎంతమంది డాక్టర్లకు అమ్మాను! ఒక్కరూ కంప్లైంట్ చెయ్యలేదండీ."

"పీకినవాళ్ళెందుకు చేస్తారు? పీకించుకున్నవాళ్ళను అడిగారా?"

ఆయన ముఖం మాడింది. పెట్టె టప్పున మూసి నా వైపు తిరిగారు. "పదమ్మా. గౌరవం లేని చోట మనకేం పని? బజారు చివర మా కుర్ర డాక్టరున్నాడు, నా సామానే వాడతాడు. నేను ఏది చేతికిస్తే దాంతో పీకుతాడు."

ఆ ముక్క ఆయన గొప్పగా చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆ అక్రోట్లు గుర్తొచ్చాయి. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ముందు 'సరే బావగారూ' తప్ప మరో మాట అని ఎరగను. ఆ మాటే నోటిదాకా వచ్చింది కూడా. చిన్ని కుర్చీలోంచి నా ముఖమే చూస్తోంది.

"బావగారూ, మీ పెట్టెలో చిన్నపిల్లలకు వాడేవి ఉన్నాయా?" అని అడిగాను.

"పిల్లలకు వేరే ఎందుకమ్మా? చిన్నగా పట్టుకుంటే సరిపోతుంది!"

ఇన్నేళ్ళ పాఠాల సారం అదన్నమాట.

"మీరు బయట కూర్చోండి. మేం పన్ను తీయించుకుని వస్తాం."

"తొమ్మిదో క్లాసు గట్టెక్కనిదానివి, నాకు చెప్తున్నావా?"

"చెప్పడం లేదు. ఉండిపోతున్నాను, అంతే."

ఆయన పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. తలుపు చప్పుడుకు ట్రేలో సామాన్లన్నీ గలగలలాడాయి.

డాక్టరమ్మ అరచేతిలో ఇమిడే పట్టకారు తీసింది. దాని మూతి నున్నగా ఉంది, మొనలు లేవు. ఇది లోపలికి దిగదు కదా అని అడిగాను. జారదు కదా అన్నాను. పన్ను విరిగితే ఏం చేస్తారన్నాను.

"ఇంకొక్క ప్రశ్న అడిగితే ముందు మీ నోట్లోనే పెడతాను," అంది ఆవిడ. నోట్లో దూది ఉన్నా చిన్ని కిసుక్కుమంది.

సూది మందు పట్టాక, పట్టకారుతో పన్నును బుగ్గ వైపు కొంచెం, నాలుక వైపు కొంచెం వంచుతూ మెల్లగా తీసింది. సన్నటి వేర్లు రెండూ విడిగా చాచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఖాళీ. ఏమీ అంటుకుని రాలేదు. ఆ ఖాళీ చూశాకే నాకు ఊపిరాడింది.

బయటికొచ్చేసరికి కారు లేదు. ఫోన్ మోగింది. అత్తగారు.

"పెద్దవాణ్ణి గెంటేశావటగా! అంత చెడ్డ పనేం చేశాడే వాడు?"

"గెంటలేదత్తయ్యా, బయట కూర్చోమన్నాను. ఆయనే వెళ్ళిపోయారు."

"ఇంక నీతో మాట్లాడడట!"

పిల్ల పన్ను ఏమైందని మాత్రం ఆవిడ అడగలేదు. కొత్త పన్ను రావడానికి ఇంకో మూడు నాలుగేళ్ళు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. అప్పటిదాకా ఆయన మాట్లాడకపోతే ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుంది. చిన్నిని చంకనేసుకుని బస్సు కోసం నిలబడ్డాను.