కాలేయశుద్ధి బావ

బావ వ్యాపారం జనం కాలేయాలు శుభ్రం చేయడం. డబ్బాలో గోధుమరంగు పొడి, డబ్బా మీద ఇకిలిస్తూ ఆయన ఫొటో. తన పొడి తాను తాగి కళ్లు పచ్చబడితే, బుర్ర ఉన్నవాడెవడైనా మానేస్తాడు. బావ మాత్రం "మురికి బయటికొస్తోంది" అని మురిసిపోయి మోతాదు రెట్టింపు చేశాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లు పడటం లోకంలో ఉన్నదే. పడ్డాక కూడా తవ్వుకునేవాణ్ణి మరదలు ఇప్పుడే చూసింది.

ఆయన చేరిన ఆసుపత్రిలోనే ఆమె కణజాల పరీక్షల డాక్టరు. బావ కాలేయపు ముక్క ఆమె మైక్రోస్కోపు కిందికే వచ్చింది. చచ్చిన కణాలు గుట్టలుగా పడున్నాయి. వాటి చుట్టూ రక్షక కణాలు మూగి, శవాలను మింగి, పొట్టలుబ్బి ఉన్నాయి. పాచిపని చేసేవీ అవే, చోటు ఖాళీ అయ్యాక బతికున్నవాటికి పెరగమని కబురంపేవీ అవే. ఫొటో వేయించుకోవాలని వాటికి తోచలేదు పాపం!

"ఆ పొడి ఇంట్లోంచి పోవాలక్కా. మళ్లీ తాగితే ఈ కణాలు కూడా చేతులెత్తేస్తాయి" అని అక్కకు చెప్పింది. అక్క తలూపింది. మొగుడి మాట వేదవాక్కనుకునే మనిషి తలూపినంత మాత్రాన ఏం నమ్మకం? చెల్లెలి భయమంతా అదే.

ఆసుపత్రిలో పొడి అందక కాలేయం తేరుకుంది. బావ లేచి కూర్చుని, చూడవచ్చినవాళ్లకు ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ముందు మురికి కక్కిస్తుంది, తర్వాత బాగుచేస్తుంది. అదీ నా పొడి!"

"సిగ్గు కూడా డబ్బాల్లో పోసి అమ్మేశావా బావా?" అంది మరదలు.

అక్క ఆమెను వరండాలోకి లాక్కెళ్లింది. "ఊరుకోవే. నువ్వు చెప్పే కణాలు నాకు కనబడవు. పొడి కనబడుతుంది. ఆయన లేచి కూర్చోవడం కనబడుతుంది."

"పద, చూపిస్తా."

ల్యాబులో అక్క మైక్రోస్కోపులోకి కళ్లు చికిలించి చాలాసేపు చూసింది. ఈ మొద్దుకేం బోధపడుతుందిలే అనుకుంది చెల్లెలు.

"ఇవన్నీ చచ్చినవా?"

"చచ్చినవే. చంపింది ఆ పొడే."

అక్క తల ఎత్తలేదు. "మరి నాకూ అన్నం సయించట్లేదు, వాంతులవుతున్నాయంటే ఆయన ఇంకో చెంచా వేసుకోమన్నారే!"

చెల్లెలికి ఇన్నాళ్లూ బావను ఈసడించుకోవడంతోనే సరిపోయింది. అక్కను తిన్నావా అని ఒక్కసారి అడగలేదు. అక్క జబ్బకు రబ్బరు పట్టీ బిగించి, రక్తం తీయడానికి సూది అందుకుంది. "పొద్దున ఏమైనా తిన్నావా అక్కా?" అంది.